ఉయ్యాల గుంపు

కరీంనగర్,
9 సెప్టెంబరు 1988

ప్రేమమూర్తి సరళక్కకు,

నీ చెల్లెలు ప్రమోదిని చేతులు జోడించి రాయునది. ఇక్కడ నేనూ, నా గ్రాఫు కాగితాలూ క్షేమం. అక్కడ జమ్మికుంటలో అవ్వ, బాపు, నువ్వు, నీ కడుపులో బిడ్డ క్షేమమని తలుస్తాను.

నెల రోజులుగా జాబు రాయలేదని కోపగించుకోకు. మా కాలేజీలో లెక్కలు చెప్పే లక్ష్మణ్‌రావు సార్ నాకొక పని అప్పగించారు. సుల్తానాబాద్ చుట్టుపక్కల తొంభై ఆరు మంది గర్భిణులను నర్సమ్మ నెలనెలా తూచి రాసిన కార్డులు. పేర్లుండవు, నంబర్లే. ఒక్క నెల బరువు చూస్తే ఏమీ తెలియదక్కా. ఒకే మనిషి ఆరు నెలల బరువులను గీతగా గీసి, ఒకే తీరున నడిచే గీతలన్నింటినీ ఒక గుంపు చేయాలి. ఎవరికి ఎప్పుడు తిండి, మందు అవసరమో ఆ గుంపులు చెబుతాయి.

నాకు మూడు గుంపులు వచ్చాయి. చక్కగా పెరిగేవారికి 'నిండు వాగు' అని పేరు పెట్టాను. మెల్లగా పెరిగేవారికి 'ఎండకాలపు వాగు'. మూడోది వింత. పన్నెండు మంది ఒక నెల యాభై రెండు కిలోలు, మరునెల నలభై నాలుగు, ఆపై యాభై ఎనిమిది! ఆ గుంపుకు 'ఉయ్యాల' అని పేరు పెట్టి, ఆ మాట అందానికి నేనే మురిసిపోయాను. సార్ కాగితం అంచున "బాగుంది, కారణం?" అని రాశారు. కారణం చూపిస్తే తన దగ్గర పరిశోధనకు సీటు ఇస్తానన్నారు. నాట్ల కాలపు కష్టం, వానల దిగులు అంటూ రెండు పేజీలు రాశాను. 'దిగులు' ఏడుసార్లు పడింది.

నిన్న కళ్లారా చూద్దామని తూకం జరిగే ఊరికి పోయాను. ఉయ్యాల గుంపు కార్డు పట్టుకొని అరవై ఏళ్ల బాలవ్వ కాంటా ఎక్కింది. "అవ్వా, నీకు తొమ్మిదో నెలనా?" అని బిత్తరపోయి అడిగాను.

"నాకెందుకుంటది బిడ్డా? కోడలు ఐదో నెలల్నే తల్లిగారింటికి పాయె. కార్డు ఖాళీ ఉంటె గీ నర్సమ్మ ఎండల పడి ఇంటిదాక వస్తది. పాపం, ఆమె ఎందుకు పరేషాన్ కావాలె అని నేనే ఎక్కుతున్న. నాకు జరమొస్తె మా చిన్న బిడ్డను పంపుత" అంది.

నర్సమ్మ మగ్దలేనమ్మను నిలదీస్తే, "వరుస రోడ్డు దాక ఉంటది. కార్డు సూసి రాస్త గని, మొకాలు సూసుడెట్లయితది?" అని నన్నే కసిరింది.

ఆరా తీస్తే ఆ పన్నెండు మందీ తల్లిగారిండ్లలోనే ఉన్నారని తేలింది. నా ఉయ్యాలలో ఊగింది అత్తలూ ఆడబిడ్డలూనక్కా!

నోరు మూసుకుంటే సీటు నాది. చెబితే ఉయ్యాలా పోతుంది, సీటూ పోతుంది. చిన్నప్పటి నుంచి నాకు తప్పొప్పులు చెప్పినదానివి. ఏం చేయాలో వెంటనే రాయి.

నీ గారాల చెల్లెలు,
ప్రమోదిని

తా.క. (శనివారం) నీ జాబు దాకా ఆగలేకపోయాను. కవరు అంటించబోతూ, మగ్దలేనమ్మ రిజిస్టరులోంచి ఎత్తి రాసిచ్చిన ఆ పన్నెండు పేర్లు చదివాను. అయిదోది నీ పేరు. మీ అత్తగారి ఊరు కూడా ఆమె కిందికే వస్తుందని నాకు తట్టనే లేదు. ఇన్నాళ్లూ నేను అందమైన మాట పెట్టి మురిసింది మా అక్కకు. ఆ అక్క అసలు బరువెంతో ఎవరికీ తెలియదు. వెంటనే సార్ దగ్గరికి పరుగెత్తాను. అంతా చెప్పేశాను. ఆయన 'ఉయ్యాల' మీద ఎర్రగీత కొట్టి, "పన్నెండు తల్లిగారిండ్లు తిరిగి తూచి రా పో. గా బరువులు ఎవ్వరి దగ్గర లెవ్వు. తెస్తివా, సీటు నీదే" అన్నారు. పద్దెనిమిదో తారీఖు ఆదివారం కాంటాతో సహా బస్సు దిగుతాను. అప్పటిదాకా జర ఆగమని బిడ్డకు చెప్పు.

నీ ఎనిమిదో నెల బరువు మాత్రం ఇక దొరకదు. ఆ రోజు నీ కార్డు పట్టుకొచ్చి, కాంటా ఎక్కి, తలవంచి రాసుకుంటున్న మగ్దలేనమ్మకు అంకె తనే చదివి చెప్పింది శ్రీధర్‌రావు బావ అట. డెబ్బై ఒక్క కిలోలు.