ఎడమ గుర్తు

6 నవంబరు, సోమవారం

డైరీ రాయమంది గౌతమి. మెదడుకి పని అట. నలభై ఏళ్ళుగా డోంగీ పడవ మీద సముద్రంలో తిరిగిన మెదడు ఇది. దీనికి కొత్తగా ఈ పిల్ల పని చెప్పాలా? గోల్ ఘర్‌లో బస్సు దిగి రెండు సందులు దాటితే ఆమె గది. థెరపిస్ట్. ఈ దీవిలోనే పుట్టిన తెలుగు పిల్లే, కానీ సగం మాటలు హిందీ. ఆరామ్ సే అంకుల్, కోయీ జల్దీ నహీ, తొందరేం లేదు అంటుంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదట. మంచిదే, ఇందులో ఏం రాసుకున్నా అడిగేవాళ్ళు లేరు.

సెప్టెంబరు వానల్లో జెట్టీ మెట్ల మీద జారిపడ్డాను. తలకి కుడివైపు దెబ్బ. లోపల రక్తం, ఆపరేషన్. కుడివైపు దెబ్బ తగిలితే ఎడమవైపు పోతుందట. కళ్ళు బాగానే ఉన్నాయట. కానీ ఎడమవైపు అనేది ఒకటి ఉందన్న సంగతే మెదడు పట్టించుకోదట. నాకైతే ఏమీ తక్కువైనట్టు లేదు.

ఇవాళ్టి టెస్ట్: కాగితం నిండా అడ్డగీతలు. ఒక్కోదానికి సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టాలి. పెట్టాను. చిన్నపిల్లల ఆట. ఆమె స్కేలు పెట్టి కొలుచుకుని ఏదో రాసుకుంది.

9 నవంబరు, గురువారం

గడియారం వెయ్యమంది. పన్నెండు అంకెలూ వేశాను, ఒక్కటి వదల్లేదు. అన్నీ కుడివైపే కుక్కేశానట.

తరవాత నాకిష్టమైనది గియ్యమంది. మా డోంగీ గీశాను. ఆమె కాగితాన్ని నా కుడిచేతివైపు జరిపి, అంకుల్, ఈ డోంగీ నీళ్ళమీద తేలుతుందా అని అడిగింది. చూస్తే ఇంజను ఉంది, చుక్కాని ఉంది, ముందు భాగం లేదు. ఆమే చెరిపేసి ఉంటుందనుకున్నాను. ఆ మాట అనేశాను కూడా. కోపం తెచ్చుకోలేదు. నాకు అదే ఇంకా కోపం తెప్పించింది.

డోంగీ మళ్ళీ ఎప్పుడు నడపొచ్చని అడిగాను. టెస్టులు చూసి చెబుతానంది.

10 నవంబరు

మా ఆవిడ సరోజిని మీద కేకలేశాను. చేపలు పట్టేవాడికి ఉత్త అన్నం పెడతావా అని. ఆమె వచ్చి కంచం తిప్పింది. కవళ్ళ చేపల పులుసు వచ్చింది.

12 నవంబరు, ఆదివారం

ఆస్పత్రిలో పదిహేను రోజులు పెళ్ళాం నా మొహం చూడ్డానికి రాలేదని ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నాను. ఇవాళ అడిగేశాను. రోజూ వచ్చానంది. కుడివైపు మందుల బల్ల ఉండేదట, అందుకని ఎడమవైపు స్టూలు వేసుకుని కూర్చునేదట. నా చెయ్యి పట్టుకునే ఉండేదట. చెప్పి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు తోమింది. తోమడానికి అన్ని గిన్నెలు లేవు మా ఇంట్లో. నాకు సిగ్గేసింది.

16 నవంబరు, గురువారం

ఒక నిర్ణయానికి వచ్చాను. గవరయ్య రాయి నూకన్నకి ఇచ్చేస్తాను.

నూకన్న సరోజిని తమ్ముడు. పడిన రోజు నన్ను భుజాన వేసుకుని పరుగెత్తినవాడు. రెండు నెలలుగా మా డోంగీ వాడే తీస్తున్నాడు. తనకు మిగిలినా మిగలకపోయినా మా ఇంటికి చేప వస్తోంది. ఒడ్డు దగ్గర ఇప్పుడేమీ పడడం లేదట. రాయి ఎక్కడుందని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అడగడు. వాళ్ళ అయ్య అడిగి ఏమయ్యాడో వాడికి తెలుసు.

గవరయ్య మా అయ్య. భీమిలి దగ్గర పల్లెనుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చినవాడు. నీళ్ళకింద ఆ రాయిని ఆయనే కనిపెట్టాడు. ఎర్రచేపలు ఎప్పుడు వెళ్ళినా ఉంటాయి. పైకేమీ కనబడదు, చుట్టూ ఒకటే నీలం. ఒడ్డుమీద రెండు గుర్తులు కలుపుకుని వెళ్ళాలి. ఒక గుర్తు ఒక గీత చెబుతుంది, రెండోది ఇంకో గీత. రెండూ కలిసే చోట రాయి. ఫోన్‌లో ఆ చోటు పెట్టుకోమంటారు కుర్రాళ్ళు. ఫోను చేతులు మారుతుంది. అందుకే పెట్టలేదు.

పదేళ్ళప్పుడు మొదటిసారి తీసుకెళ్ళాడు. స్టవ్ మీద నల్ల టీ కాచి బెల్లం ముక్క వేసి ఇచ్చాడు. ఆ టీలో కిరసనాయిలు వాసన. అంత మంచి టీ మళ్ళీ తాగలేదు. ఇంజను ఆపి నా గడ్డం పట్టుకుని కుడివైపు తిప్పాడు. తోట సివరన ట్యాంకు ఎక్కిందేట్రా అని అడిగాడు. కొబ్బరితోట చివరి చెట్టుమీద నీళ్ళ ట్యాంకు సరిగ్గా కూర్చుంది. ఎక్కింది అయ్యా అన్నాను. ఎంత గర్వంగా ఉండిందో. అయ్య చేతికి ఎప్పుడూ ఉప్పు, బీడీ వాసన. ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది.

మా వాళ్ళలో రాయి ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పనని అనరు. మర్యాద కాదు. ఒక గుర్తు చెబుతారు, రెండోది మింగేస్తారు. ఒక్క గుర్తే చెప్పారంటే ఇక వెళ్ళు అని అర్థం. మా అయ్య, నూకన్న తండ్రి జోగులు మామకి అదే చేశాడు. ఆయన కూతుర్ని కోడలిగా తెచ్చుకుని కూడా రెండో గుర్తు ఇవ్వలేదు. జోగులు మామ పోయేవరకూ ఆ మాట ఎత్తేవాడు. ఇప్పుడు ఆయన కొడుక్కి ఇచ్చేస్తే ఆ ముల్లు తీసేసినట్టే.

17 నవంబరు

చెప్పేశాను. నూకన్న కళ్ళు తుడుచుకున్నాడు. సరోజిని మా ఇద్దరికీ టీ పెట్టింది. ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే పదేళ్ళ కిందటే చెప్పేవాడిని.

19 నవంబరు, ఆదివారం

నూకన్న పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వెతికాడట. తోట చివర ట్యాంకు పెట్టుకుని ఆ గీత పొడుగునా వెనక్కీ ముందుకీ తిరిగి తిరిగి డీజిలు అయిపోయి వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఏటి బావా, నాకూ ఒక్క గుర్తేనా, మా అయ్యకి మీ అయ్య సేసినట్టే సేసినావు అన్నాడు. నాకు తలమీద దెబ్బ తగిలింది గానీ బుద్ధి మాత్రం సలామత్ గానే ఉందట. సరోజిని తమ్ముణ్ణి తిట్టింది. వాడు డోంగీ ఒడ్డున కట్టేసి వెళ్ళిపోయాడు.

20 నవంబరు

నేను మొత్తం చెప్పాను.

21 నవంబరు

రెండోది ఏదని సరోజిని నెమ్మదిగా అడిగింది. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. రెండు ఉంటాయని నాకు తెలుసు. లెక్క తెలుసు, రాయి తెలుసు, టీ వాసన కూడా తెలుసు. గుర్తు లేదు. మర్చిపోయినప్పుడు అక్కడ ఏదో ఉండేదన్న ఖాళీ అయినా ఉంటుంది కదా. ఖాళీ కూడా లేదు. మొదటిసారి భయం వేసింది. ఆ పిల్ల చెప్పింది నిజమేనేమో.

వీధిలో సరోజిని ఎదురైతే నూకన్న తల తిప్పుకున్నాడట. వాడి దృష్టిలో నేను దొంగని. జన్మంతా వాడు అలాగే అనుకుంటే?

23 నవంబరు, గురువారం

గౌతమికి అంతా చెప్పాను. ఏడుస్తూ చెప్పాను, దాచుకోవడం ఎందుకు. ఆమె కాగితాలు పక్కన పెట్టేసింది. కళ్ళు మూసుకోమంది. రాయి మీద ఉన్నారు అంకుల్, ఒడ్డు వైపు చూస్తున్నారు, క్యా క్యా దిఖ్తా హై, ఏమేం కనబడుతున్నాయో చెప్పండి అంది. చెప్పాను. జెట్టీ, కొబ్బరితోట, ట్యాంకు, చర్చి. ఇంకా? ఇంకేం లేవన్నాను.

ఇప్పుడు మీ ఇంటి వెనక కొండ ఎక్కండి, సముద్రం వైపు తిరగండి అంది. మనసులోనే ఎక్కాను. తిరిగాను. కుడిచేతివైపు వాలులో గర్జన్ చెట్టు. దాని కింద నీటి ఒడ్డున యుద్ధం నాటి జపాన్ వాళ్ళ బంకరు.

బంకరు!

బంకరు నెత్తిన గర్జన్ చెట్టు రావాలి. అదే. అయ్య నా గడ్డాన్ని రెండో పక్కకి కూడా తిప్పాడు. ఎంత గట్టిగా తిప్పాడంటే మెడ నొప్పి పుట్టింది. ఆ రోజంతా ఆ నొప్పికే మురిసిపోయాను. అది కూడా పోయిందన్నమాట నాలోంచి. ఇప్పుడు వచ్చింది. అయ్యా అని గట్టిగానే పిలిచినట్టున్నాను. పక్క గదిలోవాళ్ళు తొంగిచూశారు.

గౌతమి, మరి కొండమీదనుంచి ట్యాంకు ఎక్కడ కనబడుతుంది అంకుల్ అంది. ఏ ట్యాంకు అన్నాను. ఆమె నవ్వలేదు. రెండు సగాలూ నాలోనే భద్రంగా ఉన్నాయట. రెండూ ఒకేసారి మాత్రం రావట. ఎటు తిరిగితే అటువైపు ఎడమ పోతుందట.

చుక్కాని పట్టొద్దని కూడా ఇవాళే చెప్పింది. ఇప్పుడే కాదు, ఒంటరిగా అయితే ఎప్పటికీ వద్దేమో అంది. నేను వాదించలేదు. డోంగీ బొమ్మ గుర్తొచ్చింది.

26 నవంబరు, ఆదివారం

నేనే నూకన్న దగ్గరికి వెళ్ళాను. వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. కొండమీదికి రా, ఒక్కసారి, తరవాత నా మొహం చూడకు అన్నాను. అక్క కోసం వస్తున్నానన్నాడు.

దారిలో పనసచెట్టుకి ఎడమ భుజం కొట్టుకుంది. ఇంకాస్త పైన కంచె రాటకి కొట్టుకుంది. మూడోసారి బండకి తగలబోతే ఎవరో ఆపారు. నూకన్న ఎప్పుడు వచ్చాడో నా ఎడమవైపుకి వచ్చి నడుస్తున్నాడు.

పైకెళ్ళి సముద్రం వైపు తిరిగి చూపించాను. బంకరు నెత్తిన గర్జన్ చెట్టు, అది రెండో గుర్తు అని. వాడు చాలాసేపు చూశాడు. మరి ట్యాంకు గుర్తూ దీనికి కలపాల గదా బావా అని అడిగాడు. ట్యాంకు ఏది అన్నాను. నువ్వే సెప్పినావు గదా అన్నాడు. ఎదురుగానే ఉందట, ఎడమచేతి పక్కన, తెల్లగా, మొత్తం ట్యాంకు. నేను చూస్తున్నాను. లేదు.

నూకన్న నా మొహంలోకి చూసి అక్కడే గడ్డిలో కూలబడ్డాడు. మాఫ్ చెయ్యి బావా అంటూ ఏడ్చాడు. నేనూ పక్కన కూర్చున్నాను. గడ్డం పట్టుకుని తిప్పమన్నాను. తిప్పాడు. ట్యాంకు కనబడింది.

10 డిసెంబరు, ఆదివారం. ఉదయం 8.10

రాయి మీద ఉన్నాం. చుక్కాని నూకన్న చేతిలో. ట్యాంకు నేను చూశాను. బంకరు వచ్చింది బావా అని వాడు చెబితే నమ్మాను.

గేలం దారం నా ఎడమచేతికి చుట్టాడు. కాసేపటికి, చేప లాగుతోంది బావా, చెయ్యి చూడు అని అరిచాడు.

ఎవరి చెయ్యి అని అడిగాను.