ఆవిరి అని రాసుకున్నది

రాజమ్మా,

ఆగస్టు 9, 1984. మబ్బు పట్టింది గానీ వాన లేదు. నీ కనకాంబరాలకు నీళ్లు పోశాను. నువ్వు పోయి నేటికి ఏడాది.

నేను పనిచేసే పెట్రోలు బంకుకూ మన బావికీ మధ్య పోయిన వారం మూడు బోర్లు వేశారు, భూమిలోని నీళ్లు పరీక్ష చేయడానికి. ఇవాళ తిరుపతి నుంచి ఆఫీసరు వచ్చి, ఒక బోరులోకి సన్నని గొట్టం దించి, గాజు సీసాలో నీళ్లు పట్టాడు.

"వాసన సూడప్పా. అగ్గిపుల్ల గీస్తే అంటుకునేట్టుండాది" అన్నాడు.

పక్కింటి మునెమ్మ ఊరుకోలేదు. "రాజమ్మక్క ఎప్పుడో సెప్పింది గదన్నా, బావినీళ్లు వాసనొస్తా ఉండాయని. నువ్వేమో 'నా సొక్కా వాసనేలే' అంటివి!"

అన్నాను. నువ్వు నా చొక్కాలు వేరే బకెట్లో ఉతకడం మొదలుపెట్టావు, ఆ నీళ్లతోనే.

రోజూ పొద్దున బంకులో భూమిలో పాతిన ట్యాంకులోకి కొలకర్ర దించి లెక్క రాసేది నేనే. తగ్గిన లీటర్ల పక్కన రెండేళ్లుగా 'ఎండకు ఆవిరి' అని రాశాను. ముసురు పట్టిన రోజుల్లో కూడా అదే రాశాను. నేలలోకి పోతోందని తోచలేదు. ఈ వీధంతా మన బావి నీళ్లే తాగింది.

"పాత లెక్కలేమన్నా ఉండాయా?" అని ఆఫీసరు అడిగాడు. బంకు ఓనరు నా వైపే చూస్తూ, లేవన్నాడు. నేను ఇంటికి వచ్చాను. ఇంట్లో ఉన్న ఆ రెండేళ్ల లెక్కల పుస్తకాలు రెండూ తీసి సంచిలో పెట్టాను.

మునెమ్మ కేకేస్తోంది, ఆఫీసరు జీపెక్కుతున్నాడట. ఈ పుస్తకాలు ఆయనకు ఇచ్చి వస్తాను. ఇవాళ్టి కొలత పక్కన 'ఆవిరి' అని రాయలేదు.