హాజర్ బిడ్డకి ఏడు చేపలు

షెద్లీ, పడవ దిగి ఇంటికి రాగానే ముందు కిటికీ చూడు. మూసే ఉండాలి. దీపం కొక్కేనికి వేలాడుతున్న ఏడు గుడ్డ చేపలూ మన హాజర్ బిడ్డకి దిష్టి తగలకుండా ఉయ్యాల మీద కట్టడానికి నేను కుట్టినవి. చేతులు కడుక్కున్నాకే ముట్టుకో.

నేను హాజర్ ఇంటికి వెళ్తున్నాను. దాని స్నేహితురాళ్లు ఇవాళ బేబీ షవర్ చేస్తున్నారట. బిడ్డ పుట్టకముందే స్నానమేమిటని నన్నడక్కు, నాకూ తెలీదు. నాలుగింటికల్లా చేపలు తీసుకుని రా. కుస్‌కుస్ వండే పెద్ద గిన్నెలో పెట్టి, మూత తాడుతో బిగించి కట్టు. మెట్ల మీద పదకొండు పిల్లులు కూర్చున్నాయి. నిన్న దూది అయిపోతే నీ చొక్కాలు చింపి చేపల్లో కూరాను. నాలుగుసార్లు ఉతికాను, నీ సార్డీన్ల వాసన పోతేనా! దారిలో పిల్లులతో కబుర్లు పెట్టుకోకు. నా దగ్గర పెగలని నోరు వాటి దగ్గర ఎలా పెగులుతుందో!

దూది కొని మళ్లీ కుడతానని హాజర్‌కి ఫోన్ చేశాను. "వద్దమ్మా, వాటి జోలికెళ్లకు. నాన్న సముద్రం మీదున్నా బిడ్డకి తాత వాసన తెలియాలి" అంది. నాకు కళ్లనీళ్లొచ్చాయి. ఉల్లిపాయలు తరుగుతున్నానులే.

మన్నూబియా

చొక్కాల కోసం వెతక్కు, ఒక్కటీ మిగల్లేదు. నీ పెళ్లికోటు మంచం మీద పెట్టాను. బొత్తాలు పట్టకపోయినా అదే వేసుకుని రా. అదెప్పుడూ పడవెక్కలేదు, పిల్లులు నిన్ను గుర్తుపట్టవు.