నేను లేనప్పుడు వెలిగిన నా పేరు

తాడేపల్లిగూడెం,
8 జూలై 2006

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం అందింది. స్కూల్ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చదివాను. లోపల్నుంచి అత్తయ్యగారు "వాడెలా ఉన్నాడే?" అంటే "బాగున్నారండీ" అన్నాను.

"రోజూ పొద్దున పదింటికల్లా కంప్యూటర్ ముందు కూర్చుంటున్నావు. చాటింగ్‌లో నీ పేరు వెలుగుతూనే ఉంటుంది. నేను పలకరిస్తే పలకవు. ఎవడితో మాట్లాడుతున్నావు?" అని రాశారు.

ఏవండీ, పదింటికి నేనెక్కడుంటానో మీకు తెలీదా? పొద్దున్నే ఏలూరులో పాసింజరెక్కి, గూడెంలో దిగి, ఆ వేళకి ఏడో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతూ ఉంటాను. చీకటి పడితే గానీ ఇల్లు చేరను. మీరు సూరత్ దగ్గర రొయ్యల చెరువుల మీద పనికి వెళ్ళారు, ఫోనులో తనివితీరా మాట్లాడుకోలేకపోతున్నామనే కదా ఆ కంప్యూటర్ కొన్నాం! ఆదివారం చర్చి నుంచి వచ్చాక మీతో మాట్లాడటానికి తప్ప నేను దాన్ని ముట్టుకోను.

మరి నేను లేని ఇంట్లో నా పేరెలా వెలుగుతోంది? నా పాస్‌వర్డ్ ఎవరైనా దొంగిలించారా? నా పేరు పెట్టుకుని ఎవరితో ఏం మాట్లాడుతున్నారో! తల్చుకుంటే భయమేస్తోంది. కానీ ఆ భయం కంటే ఇంకోటి ఎక్కువ బాధపెడుతోంది. మీరు "ఇదెలా జరుగుతోంది షారోన్" అని అడగలేదు. "ఎవడితో" అని అడిగారు. ఆరేళ్ళు కాపురం చేసి మీరు అడిగిన మాట అది.

పెర్సిస్ అక్క ఇంటికి వచ్చేశాను. స్కూల్లో పరీక్షల పని ఉందని అత్తయ్యగారితో అబద్ధం చెప్పాను. ఇక ఏలూరు వెళ్ళను. నా మీద నమ్మకం లేని మనిషి ఇంట్లో నేనుండలేను.

ఉంటాను,
షారోన్

---

ఏలూరు,
15 జూలై 2006

చిరంజీవి ఆనంద్ పాల్‌కి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలని కోరుకుంటూ మీ అమ్మ సత్యవేదం రాసేది.

నిన్న నువ్వు ఫోన్ చేసి, "అమ్మా, ఆ గదిలోకి వెళ్ళి చూడు. షారోన్ ఇప్పుడెవడితో మాట్లాడుతోందో" అన్నావు. ఆ మాట నా కడుపున పుట్టినవాడి నోట వినాల్సొచ్చిందిరా. "అది గూడెంలో ఉంది, వారమైంది" అన్నాను. "మరి ఇప్పుడే పేరు వెలుగుతోందే! ఇంట్లో ఎవరున్నారు?" అని అరిచావు. "నేను తప్ప ఎవరూ లేరురా" అన్నాను. నువ్వు టక్కున ఫోన్ పెట్టేశావు. చెప్పాల్సింది నా నోట్లోనే ఉండిపోయింది.

ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నది నేనేరా.

పేకాట ఆడుతున్నాను. నువ్వే కదా, క్రిస్మస్‌కి వచ్చినప్పుడు "ఒక్కదానివే ఉంటావు, పొద్దుపోతుందమ్మా" అని నేర్పావు! అప్పుడు ఛీ ఛీ అన్నాను గానీ, నువ్వెళ్ళాక చెయ్యి ఊరుకోలేదు. కోడలు రైలెక్కి వెళ్ళాక మీట నొక్కి కూర్చునేదాన్ని. స్త్రీల సమాజంలో పేకాట పాపమని నలుగురికీ చెప్పేదాన్ని నేనే కదా, పక్కింటి నాగరత్నం చూస్తే ఊరంతా చాటుతుందని తలుపు గడియ పెట్టుకునేదాన్ని. ఆట మధ్యలో చిన్న పెట్టెలాంటిది వచ్చి ముక్కలకి అడ్డంపడేది. అందులో అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. మూలనున్న గుణకారం గుర్తు నొక్కితే పోతుందని నువ్వు చెప్పావుగా, నొక్కేసేదాన్ని. అవి నువ్వు పెళ్ళాన్ని పిలిచే పిలుపులని నాకేం తెలుసు? మీట నొక్కగానే దాని పేరు నీకక్కడ కనబడుతుందనీ నాకు తెలీదు.

పోయిన నెల నువ్వు "దాన్నొక కంట కనిపెట్టి ఉండమ్మా" అంటే, ఒంట్లో బాగాలేదేమోనని కోడలికి రెండు పూటలా పాలు కాచి ఇచ్చాను. నీ మనసులో ఉన్నది ఇదని ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను, నా గురించీ, నీ గురించీ.

ఈ ఉత్తరం పోస్టులో వేసి గూడెం బస్సెక్కుతున్నాను.

మీ అమ్మ,
సత్యవేదం

---

ఏలూరు,
30 జూలై 2006

ఏవండీ,

అత్తయ్యగారు వానలో తడుస్తూ పెర్సిస్ అక్క గేటు దగ్గరకొచ్చి నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు. "వాడు చూసింది నన్నేనే! నేను పేకాట ఆడుతున్నానే!" అన్నారు. ఒక్క నిమిషం నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వు ఆగకముందే ఏడుపొచ్చింది. ఆవిడ తడి చీరతోనే నన్ను పట్టుకుని, "పద ఇంటికి. వాడి ఇల్లని కాదు, నా ఇల్లని రా" అన్నారు. ఆ మాటకే వచ్చాను.

మా స్కూల్లో కంప్యూటర్ చెప్పే మధుబాబుగారు ఇంటికొచ్చి చూశారు. "ఎవరూ దొంగిలించలేదు మేడమ్. కంప్యూటర్ ఆన్ కాగానే ఈ చాటింగ్ కూడా దానంతటదే మొదలవుతోంది. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని మీ పేరుతో లోపలికి వెళ్ళిపోతోంది" అన్నారు. సెట్టింగుల్లో ఒకచోట టిక్కు ఉంది, అది తీసేయమన్నారు. నా చేత్తో నేనే తీశాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే చాటింగ్ రాలేదు. ఇంత చిన్న టిక్కా అని దానివైపే చూస్తూ ఉండిపోయాను. వెనకనుంచి అత్తయ్యగారు "నా ఆట పోలేదు కదా బాబూ?" అని మెల్లగా అడిగారు.

మీ క్షమాపణ ఉత్తరం నిన్న వచ్చింది. ఏడుస్తూ రాశారని అక్షరాలు చూస్తేనే తెలుస్తోంది. క్షమించానని రాద్దామని కూర్చున్నాను, కానీ చెయ్యి రాలేదు. టిక్కు సంగతి అత్తయ్యగారు మీకు ఫోన్లో ముందే చెప్పినట్టున్నారు, ఆ ఉత్తరం చివర్లో, "ఆ టిక్కు మళ్ళీ పెట్టు, నీ పేరు వెలుగుతుంటే నాకు ధైర్యంగా ఉంటుంది" అని రాశారు. పెట్టనండీ. మీతో మాట్లాడాలనిపించినప్పుడు నేనే తెరుస్తాను. తెరవని రోజు నేనేం చేస్తున్నానో మీకు కనబడదు. ఆ రోజు కూడా మీరు నన్ను నమ్మాలి. నమ్మలేకపోతే ఇప్పుడే చెప్పండి.

దసరా సెలవులకి అత్తయ్యగారిని తీసుకుని మీ దగ్గరకి వస్తున్నాను. టిక్కెట్లు కూడా తీశాను. మీరు మొదటి ఉత్తరంలో "ఎవడితో" అని రాసిన ఆ ప్రశ్న, నా ఎదురుగా కూర్చుని, నా మొహంలోకి చూస్తూ మళ్ళీ ఒకసారి అడగండి. అడగలేకపోతే, అప్పుడు క్షమిస్తాను.

మీ భార్య,
షారోన్