మంచు కరిగితేనే సెలవు

సీబ్, మస్కట్
శుక్రవారం మధ్యాహ్నం

అక్కా,

తమ్ముడు రాజేశం రెండు చేతులా దండం పెట్టి రాస్తున్నాడు. ఇక్కడ నాకు ఏ లోటూ లేదు. ఒంట్లో బాగుంది, వేళకు తింటున్నాను. నువ్వు, బావ, అవ్వ, మన చిన్నోడు, అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను. అవ్వ మోకాళ్ళకు నేను పంపిన నూనె రాస్తున్నారా, లేక అది కూడా అలమారలో దాచిపెట్టిందా? చిన్నోడికి పై పళ్ళు వచ్చాయా? మొన్న వీడియోలో నోరు తెరవమంటే తెరవలేదు. అచ్చం నీ మొండితనమే.

రోజూ ఫోన్లో మాట్లాడుతూ మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెట్టి పొయ్యి దగ్గర నిలబడతావు. అవ్వ వింటుంది, బావ వింటాడు, పాలు తెచ్చినామె కూడా ఆగి విని పోతుంది. ఇది నీ ఒక్కదాని చెవిన పడాల్సిన మాట. మా రూమ్ లింగన్న ఎల్లుండి సెలవు మీద వస్తున్నాడు. ఆయన చేతికి ఇచ్చి, అక్క చేతిలోనే పెట్టు అని మరీ మరీ చెప్పాను. ఖర్జూరాల డబ్బా కింద అంటించి ఉంటుంది. చదివి పొయ్యిలో పడెయ్.

ముందు ఇక్కడి సంగతులు. ఎండ అప్పుడే మొదలైంది. పొద్దున తొమ్మిదింటికే రోడ్డు మీద కాలు పెట్టలేం. అయినా నేను స్వెటర్ వేసుకునే డ్యూటీకి పోతాను. బస్సులో తక్కిన కంపెనీల వాళ్ళు నన్ను చూసి ఇప్పటికీ నవ్వుతారు. నేను వచ్చేటప్పుడు మీరందరూ కలిసి సంచి నిండా పల్చటి చొక్కాలు సర్దారు, గుర్తుందా? మస్కట్‌లో మంకీ టోపీ కోసం దుకాణాలన్నీ తిరిగినవాడు మన మండలంలో నేనొక్కడినే అయ్యుంటాను. బయట కొలిమి, లోపల మంచు. ముక్కు మాత్రం ఏడాదంతా కారుతూనే ఉంటుంది. నువ్వు పంపిన మిరపకాయ తొక్కు అందుకే నాకు కూర కాదు, మందు.

నా పని గురించి నువ్వు ఎప్పుడూ సరిగ్గా వినలేదు, ఇప్పుడు విను. మా హాలు లోపల నేల కింద పైపులు ఉంటాయి, అవి నేలను గడ్డకట్టేంత చల్లగా ఉంచుతాయి. దాని మీద మేము నీళ్ళు పల్చగా పరిచి మంచు చేస్తాం. దాని మీదే హాకీ ఆడతారు. మన బడిలో ఆడిన హాకీ కాదు. కాళ్ళకు కత్తి బిగించిన బూట్లు, చేతిలో వంకర కర్ర, బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ల. ఆటలో మంచు గీతలు పడుతుంది. ఆట మధ్యలో రెండుసార్లు విరామం ఇస్తారు. అప్పుడు నేను బండి మీద ఎక్కి చుట్టూ తిరుగుతూ పైపొర చెక్కి, కొత్త నీళ్ళు పోసి, అద్దంలా చేసి దిగుతాను.

ఆ నీళ్ళు వేడి నీళ్ళు, అక్కా. వచ్చిన కొత్తలో వీళ్ళకు పిచ్చి పట్టిందనుకున్నాను. నాకు పని నేర్పింది షఫీక్ భాయ్, పాకిస్తాన్ మనిషి. ఆ హాలు కట్టినప్పటి నుంచీ ఉన్నాడు. "అరే రాజేష్, ఠండా పానీ సే బర్ఫ్ అంధీ హోతీ హై" అన్నాడు. చల్లనీళ్ళు పోస్తే లోపల గాలి చిక్కుకుని మంచు గుడ్డిది అవుతుందట. వెచ్చని నీళ్ళయితేనే గట్టిగా, తేటగా వస్తుంది. ఎంత వెచ్చగా ఉండాలో చెయ్యి పెట్టి చూసి చెప్పడమే అసలు పని. అది వంటబట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఇక అసలు కథ. ఈ హాలు ఒక హాకీ జట్టుది. మా అర్బాబ్, అంటే యజమాని, చలి దేశాల నుంచి ఆటగాళ్ళను జీతాలిచ్చి తెచ్చుకున్నాడు. చుట్టుపక్కల దేశాల్లో ఇలాంటివి మొత్తం ఆరు జట్లు. చలికాలమంతా ఆడి, చివరికి పైన నిలిచిన నాలుగే ప్లేఆఫ్స్‌కి పోతాయి. అవి ఇంకో నెల ఆడతాయి. తక్కిన రెండూ ఇంటికి.

మావాళ్ళు మొదట్లో బాగానే ఆడారు. వరసగా మూడు గెలిచారు, అర్బాబ్ మాక్కూడా బిర్యానీ పంపాడు. తర్వాత ఏమైందో తెలియదు. కెప్టెన్ భుజం జారింది. ఇద్దరు ముందు ఆడేవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. కోచ్ గొంతు పోయేదాకా అరిచాడు, తర్వాత అరవడం కూడా మానేశాడు. ఓడి రావడం, తలుపు తన్నడం, మళ్ళీ పొద్దున్నే వచ్చి జారడం. నేను ఆరేళ్ళుగా చూస్తున్నాను, ఇంత చప్పగా గడిచిన సీజన్ లేదు. అయినా చివరి మ్యాచ్ వచ్చేసరికి లెక్క అటూ ఇటూ ఊగుతోంది. గెలిస్తే నాలుగో స్థానం. ఓడితే ఖతం.

ఇందులో నా గొడవేమిటంటావా? మంచు ఉన్నంతకాలం మంచు చేసేవాళ్ళకు సెలవు లేదు. మంచు కరిగిస్తేనే సెలవు. ఇది మా దగ్గర మొదటి నుంచీ ఉన్న పద్ధతి. మొన్న మాఘంలో నువ్వు ఫోన్ చేసి ఏమన్నావో నీకు గుర్తుందో లేదో. "పంతులు ముహూర్తం పెట్టిండు రా. వానికి పదకొండో నెల దాటితే మళ్ళ మూడో యేడే. నువ్వచ్చేదాక వాని తలకు కత్తెర తాకనియ్య. రాకపోతివా, జడలేసి బడికి తోలుత" అన్నావు. నవ్వుతూనే అన్నావు. కానీ పన్నెండేళ్ళు ఎక్కని గుడి లేదు, చూపించని డాక్టరు లేడు, అప్పుడు పుట్టిన పిల్లవాడు. వాడి పుట్టెంట్రుకలు మేనమామ ఒళ్ళో తీయాలి, మొదటి కత్తెర మేనమామే పెట్టాలి. ఆ మేనమామను నేనొక్కడినే. వస్తానక్కా, తప్పకుండా వస్తాను అని నోరు జారేశాను.

మా ముదీర్‌ను, అంటే మేనేజర్‌ను, వెళ్ళి అడిగాను. మంచివాడే. "సీజన్ అయిపోనీ, మంచు కరిగించి నెల రోజులు పో. ప్లేఆఫ్స్‌కి పోతే మాత్రం ఒక్క రోజు కూడా అడగకు" అన్నాడు. ప్లేఆఫ్స్ అంటే ముహూర్తం పోయినట్టే.

అప్పుడు చేశాను ఆ పని. హాల్లో ఊడ్చేవాడి దగ్గర నుంచి అర్బాబ్ దాకా అందరూ గెలవాలని దేవుళ్ళకు చెప్పుకుంటుంటే, నేను ప్లాంట్ రూమ్‌లో, నేలను చల్లబరిచే మోటార్ల మధ్య నిలబడి మన వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాను. స్వామీ, ఈ జట్టు ఓడిపోవాలి, ఓడిపోతే నీ గుళ్ళో కోడెను కడతా అని. రాజన్న ఎన్ని మొక్కులు విని ఉంటాడో గానీ, మంచు మీద హాకీ సంగతి మాత్రం నా దగ్గరే మొదటిసారి విని ఉంటాడు. నవ్వొస్తుంది కదా. నాకూ అప్పుడు నవ్వే వచ్చింది.

చివరి మ్యాచ్ మా హాల్లోనే. రెండో విరామానికి రెండు రెండు, సమానం. నేను బండి ఎక్కి తిరుగుతుంటే, మావాళ్ళు చివరి భాగంలో గోలు కొట్టాల్సిన వైపు, గోలు ముందర, చారెడు గుంత కనిపించింది. ఎవడి బూటు కత్తో లోతుగా దిగి పెళ్ళ లేచిపోయింది. అక్కడికొచ్చిన బిళ్ల ఎగిరిపడుతుంది, కర్రకు చిక్కదు. బండి నీళ్ళు పోసుకుంటూ పోతే పైకి అద్దంలా కనిపిస్తుంది, లోపల బోలుగా ఉంటుంది. ఆ సంగతి నాకు తప్ప హాల్లో ఎవరికీ తెలియదు. వదిలేస్తే చాలు, అక్కా. నేను ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే దిగిపోతే చాలు.

ఒక చుట్టు దాన్ని దాటి పోయాను కూడా. నీ దగ్గర దాచేదేముంది.

తర్వాత బండి ఆపి దిగాను. షఫీక్ భాయ్ గట్టు మీద నుంచి "క్యా హువా?" అని అరిచాడు. బకెట్ తెమ్మన్నాను. చెక్కిన మంచుపొడి గుంతలో కూరి, నీళ్ళు పోసి, గ్లౌజు తీసేసి అరచేత్తో సాపు చేశాను. గ్లౌజుతో అయితే మట్టం తెలియదు. చెయ్యి మొద్దుబారిపోయింది. గంట కొట్టేలోపు లేచి వచ్చేశాను. ఎందుకు పూడ్చావంటే చెప్పలేను. పని పనే కదా. మొక్కు నోటితో మొక్కాను, చేతులకు అది చేతకాలేదు.

అయినా ఓడిపోయారు. ఆట ఇంకో నాలుగు నిమిషాలు ఉందనగా అవతలివాళ్ళు మామూలుగా కొట్టిన బిళ్ల మా గోల్‌కీపర్ పావెల్ కాళ్ళ సందులోంచి పోయింది. అడ్డంగా నిలబడితే ఆగేదే. వాడు మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు. నేను మాత్రం లోపల లోపల ఎగిరి గంతేశాను. చిన్నోడి తల కనిపించింది నాకు. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ సంతోషపడ్డాను. నిజం.

మర్నాడు ప్లాంట్ ఆపేశారు. మంచు కింద వేసిన ఎర్ర గీతలు, నీలం గీతలు కరిగి నీళ్ళల్లో కలిసిపోయాయి. నేనూ షఫీక్ భాయ్ చీపుళ్ళతో ఆ నీళ్ళను కాలవలోకి తోస్తుంటే పావెల్ సామాను తీసుకుపోవడానికి వచ్చాడు. సెలవు మీద ఊరికి పోతున్నానన్నాను. ఎందుకని అడిగితే, మేనల్లుడికి గుండు చేయించాలని చెప్పాను. టోపీ తీసి తన బట్టతల చూపించాడు. తనకు ఏ మొక్కూ లేకుండానే అయిపోయిందట. అంత దిగులులోనూ నవ్వించాడు. మ్యాచ్‌లో వాడిన రబ్బరు బిళ్ల ఒకటి పిల్లవాడికి ఇమ్మని నా చేతిలో పెట్టి, "మంచు బాగా చేశావు. గోలు ముందర గుంత పూడ్చడం చూశాను" అన్నాడు. నేను తల దించుకుని నీళ్ళు తోశాను.

ఆ సాయంత్రం ముదీర్ నన్నూ షఫీక్ భాయ్‌నూ పిలిచాడు. నా సెలవు కాగితం గురించి అనుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడే మాట్లాడాడు. "ఖలాస్, రాజేష్. సీజన్ ఖలాస్, టీమ్ ఖలాస్, హాల్ భీ ఖలాస్" అన్నాడు. ప్లేఆఫ్స్ దాకా పోతే ఇంకో ఏడాది నడుపుదామని అర్బాబ్ అనుకున్నాడట. పోలేదు కాబట్టి వద్దన్నాడట. హాలును ఫర్నిచర్ వాళ్ళకు ఇచ్చేస్తున్నారు. వీసా రద్దు. నాకు ఇచ్చింది పోయే టికెట్టే, తిరిగి వచ్చేది లేదు.

నెల రోజుల సెలవు అడిగాను, అక్కా. రాజన్న మొత్తం సెలవే ఇచ్చాడు. ఓడాలని మొక్కాను గానీ ఎంత ఓడాలో చెప్పలేదు.

నా సంగతి పోనీ, నేను ఏదో ఒక పని చూసుకుంటాను. సీబ్‌లో ఏసీ రిపేరు దుకాణం మలయాళీ ఒకాయన రెండు నెలల తర్వాత కొత్త వీసా చూద్దామన్నాడు. బాధంతా షఫీక్ భాయ్ గురించే. ఆయనకు ఈ వయసులో మంచు పని తప్ప ఇంకోటి రాదు, ఈ దేశంలో ఆ పని ఇక లేదు. నా మొక్కు సంగతి చెబుదామని నిన్న టీ తాగేటప్పుడు నోరు తెరిచాను. ఆయన నాకు ఇంకో కప్పు పోసి, "భాంజే కో మేరీ తరఫ్ సే ప్యార్ దేనా" అన్నాడు. మేనల్లుడికి తన ముద్దు కూడా ఇమ్మన్నాడు. చెప్పలేకపోయాను. ఆయనకు చెప్పలేనిది నీకు రాస్తున్నాను, అంతే.

మొక్కు మొక్కే. కోడె కడదాం. బావ అడిగితే తమ్ముడు క్షేమంగా వచ్చినందుకు అని చెప్పు. ఉద్యోగం పోయిన సంగతి మాత్రం గుండు అయ్యేదాకా అవ్వకూ బావకూ చెప్పకు. ఆ రోజు ఎవరి మొహమూ వాడిపోవద్దు. నాకు చూస్తున్న ధర్మపురి సంబంధం వాళ్ళకైతే అసలే చెప్పకు. మస్కట్‌లో మంచు పని అంటేనే వాళ్ళు నమ్మలేదు, ఇప్పుడు ఆ మంచు కూడా లేదంటే ఏమంటారు.

ఈ చేత్తో పిల్లవాడి తలకు కత్తెర పెట్టొచ్చా అని రెండు రోజులు ఆలోచించాను. గుంత పూడ్చిందీ ఈ చెయ్యే కదా అని సర్దిచెప్పుకున్నాను. నీకు వేరేలా అనిపిస్తే ఫోన్లో ఏమీ అనకు. చిన్నోడికి జడ వేసిన ఫోటో ఒకటి పంపు, నాకు అర్థమవుతుంది. కత్తెర బావ పెడతాడు, నేను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను.

లింగన్న సోమవారానికి నీ దగ్గరకు వస్తాడు. నేను ఆ పై బుధవారం దిగుతాను. శంషాబాద్‌కు ఎవరూ రావద్దు, జగిత్యాల బస్సు నాకు తెలుసు. అవ్వకు, బావకు, మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు. నన్ను తిట్టుకోకుండా నాలుగు మంచి మాటలు అనుకుని దీవించు.

ఇంకొకటి. కల్యాణకట్ట దగ్గర చిన్నోడి తల తడపడానికి పంపు నీళ్ళు పోయనియ్యకు, ఉలిక్కిపడి ఏడుస్తాడు. ఇంటి నుంచే ప్లాస్కులో వేడి నీళ్ళు పట్టుకుపోదాం. ఎంత వెచ్చగా ఉండాలో నేను చెయ్యి పెట్టి చూసి చెబుతాను. ఆరేళ్ళలో నాకు బాగా వచ్చింది ఆ ఒక్క పనే.

నీ తమ్ముడు,
రాజేశం