వంక గట్టున ఆయన పక్క జాగా

పంచాయతీ సెక్రెటరీ షాహిదా అమ్మకు, సదుం వంక గట్టునుండే అవ్వ రాసుకునేది.

వంకకు ముప్పై అడుగుల లోపల ఏమీ కట్టకూడదని మీ మనిషి చెప్తే మేకల కొట్టం పీకేసినాను. దానికేం బాధ లేదమ్మా. మా ఆయన సమాధి మీద కూడా ఎర్రరంగు గుర్తు పెట్టినాడు. భయపడి కిరసనాయిలు గుడ్డతో తుడిచేసినాను. కేసు పెడతారా? మళ్లీ వచ్చినప్పుడు అడిగితే, "పాతవి తీయంలే అవ్వా, కొత్తవే కూడదు" అని నవ్వినాడు.

ఆ మాటకే నాకు నిద్ర పట్టడంలే. ఆయన పక్కన నాకని మూడు మూరల జాగా వదిలిపెట్టుకోనుండాను. రూలు మంచిదే, వంక బాగుండాల. నాకు సమాధి కట్టొద్దు, రాయి కూడా వద్దు. ఊరికే మట్టిలో పెడితే అదీ కొత్తదే అవుతాదా?

మాకు పిల్లల్లేరు. ఆ పొద్దు నా తరపున మిమ్మల్ని అడిగేదానికి ఎవురూ ఉండరు. నేనుండంగానే చెప్పమ్మా.