ఈశాన్యపు కంత

కమ్మింగ్, జార్జియా
ఫిబ్రవరి

ప్రియమైన చెల్లాయి త్రివేణికి,

ఫోన్లో నా మాట నువ్వు పూర్తి కానివ్వవు, నీ మాట నేను పూర్తి కానివ్వను. అందుకే ఈమెయిల్‌ అయినా ఉత్తరంలాగా తీరిగ్గా రాస్తున్నాను.

నా బాంక్వెట్ హాలు తయారైంది. ఇన్నేళ్ళూ ఎవడో మేనేజర్‌కి స్టేటస్ రిపోర్టులు పంపిన ఈ చేత్తో ఇక పెళ్ళిళ్ళు చేయిస్తాను. వచ్చే నెల ప్రారంభ పూజ. ఆడపడుచువి, నువ్వు రాకపోతే ఎలా?

ఈ కౌంటీ ఇన్‌స్పెక్టర్ ఒకడు దాపురించాడమ్మా. గోడలోంచి పైపు దూరిన ప్రతిచోటా వేలుపెట్టి గీరాడు. చుట్టూ పూసే ఎర్ర పేస్టు సరిగ్గా లేదని వెనక్కి పంపాడు. మళ్ళీ పూయిస్తే, లోపల ఉన్ని కూరలేదని మళ్ళీ పంపాడు. ముద్ద పూసి ఉన్ని కూరడానికి లైసెన్సులున్న మనుషులట! దీనికి తోడు నువ్వు కూడా అదే ఉద్యోగం చేస్తావని గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఎలాగైతేనేం, సంతకం పెట్టి పోయాడు.

ఒక్కటే చిక్కు. వంటిల్లు ఈశాన్యంలో పడింది. ఈశాన్యంలో పొయ్యి! బ్రహ్మయ్య సిద్ధాంతి గారు వీడియో కాల్లో చూసి తల పట్టుకున్నారు. వంటిల్లు మార్చాలంటే గ్యాస్ లైనంతా తవ్వాలి. చివరికి ఆయనే దారి చెప్పారు. ఆ మూల గోడకి కంత పెడితే దోషం పోతుందట, పైనున్నా ఫర్వాలేదట. సంతకం అయ్యాక ఫాల్స్ సీలింగ్ పైన గంప పట్టేంత కంత కోయించాను. కింద నిలబడితే ఎవడికీ కనబడదు. గోడకి అవతల మీ వదిన డాన్స్ స్కూలే కదా, పరాయివాళ్ళెవరున్నారు?

ఆశీస్సులతో,
మీ అన్నయ్య వీరభద్రరావు

* * *

నేపర్‌విల్
ఫిబ్రవరి

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నువ్వు జోక్ చేస్తున్నావనుకున్నాను.

నువ్వన్న ఆ ఉద్యోగంతోనే నేను బతుకుతున్నాను. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో సీలింగ్ పలకలు ఎత్తి గోడల్లో కంతలు వెతుకుతాను. ప్లంబర్లు, కేబుల్ వాళ్ళు తెలియక పొడిచినవి ఎన్నో చూశాను. ఇంజినీరింగ్ చదివినవాడు, ఇన్‌స్పెక్టర్ వెళ్ళేదాకా కాచుకుని, ముహూర్తం చూసుకుని, తన వంటింటికీ చిన్నపిల్లల డాన్స్ క్లాసుకీ మధ్య కంత కోయించడం మాత్రం ఇదే మొదటిసారి. మన వంశానికి పేరు తెచ్చావు.

ఆ గోడ ఎందుకుందో తెలుసా? నీ వంటింట్లో నిప్పంటుకుంటే, అవతలి పిల్లలు బయటికి నడిచివెళ్ళేదాకా మంటనీ పొగనీ ఆపడానికి. నిప్పు తగిలితే నువ్వు నవ్విన ఆ ఎర్ర పేస్టు ఉబ్బి సందులన్నీ మూసేస్తుంది. పొగ ముందు సీలింగ్ పైకే చేరుతుంది. సరిగ్గా అక్కడే దానికి దారి తీసి పెట్టావు. చావడానికి మంట కూడా అక్కర్లేదు, పొగ చాలు. ఆ క్లాసులో నీ కూతురు పూజిత కూడా ఉంటుంది.

పూజకి ముందే, లైసెన్సున్న వాళ్ళతోనే మూయించు. అప్పుడే వస్తాను.

నీ చెల్లెలు,
త్రివేణి

* * *

కమ్మింగ్
మార్చి

ప్రియమైన ఫైర్ ఇంజన్ గారికి,

పిట్ట కొంచెం కూత ఘనం! అమెరికా వాడి ప్లాస్టర్‌బోర్డు గోడ, పిడికిలితో గుద్దితే సొట్ట పడుతుంది. అదొచ్చి మంటని ఆపుతుందట! రాతి గోడల మధ్య పెరిగిన పిల్లవి, నీకిదేం భ్రమే?

అయినా నీ మనసు కష్టపెట్టడం ఎందుకని కంతలో పింక్ దూది కుక్కించాను. అటకల్లో పరుస్తారే, అదే. అదీ ఇన్సులేషనే కదా! దూది గోడగా లెక్కకి రాదు కాబట్టి కంత కంతేనని సిద్ధాంతి గారు ఒప్పుకున్నారు. ఆయన శాస్త్రమూ నిలబడింది, నీ శాస్త్రమూ నిలబడింది.

మీ వదిన కూడా నీలాగే మొహం మాడ్చుకుని తిరుగుతోంది. "మీరొకసారి త్రివేణి మాట వినండి" అంటుంది. డాన్సులు నేర్పేవాళ్ళకి బిల్డింగుల సంగతి ఎందుకన్నాను. ఫోను పట్టుకుని అవతలి గదిలోకి పోయింది.

ఇంక ఈ గోల ఆపి టికెట్ బుక్ చేసుకో.

మీ అన్నయ్య

* * *

నేపర్‌విల్
మార్చి

ప్రియమైన అన్నయ్యకి,

ఆ పింక్ దూది చలికి వేసేది. దాని వెనకున్న కాగితం అంటుకుంటుంది, దూదిలోంచి పొగ హాయిగా పోతుంది. ఇది నీకోసం రాయలేదు, రాయకపోతే నాకు నిద్రపట్టదని రాశాను.

కంత ఊసు ఇక నీ దగ్గర ఎత్తను. పూజకి రెండు రోజుల ముందే వస్తున్నాను. వదినకి సాయంగా ఉంటాను.

త్రివేణి

* * *

కమ్మింగ్
అక్టోబర్

ప్రియమైన చెల్లాయికి,

విన్నావా? శనివారం మన వంటింట్లో బూరెల మూకుడు అంటుకుంది. పొయ్యి పైనుంచి మంటలార్పే మందు కురిసేలోపే మంట సీలింగ్‌కి పాకింది. వంటవాళ్ళు ప్రాణాలతో బయటపడ్డారు. ఫైరింజన్ వచ్చేసరికి వంటిల్లు బొగ్గయింది. అవతల డాన్స్ క్లాసు నిండా పిల్లలు. పూజిత లోపలే ఉంది.

అలారం మోగగానే మీ వదిన పిల్లలందరినీ వరసగా పార్కింగ్ లాట్‌లోకి నడిపించిందట. ఒక్క పిల్ల దగ్గలేదు! తర్వాత వెళ్ళి చూస్తే ఆ క్లాసులో అద్దాల మీద కూడా మసి లేదు. మా వైపు మాత్రం ఇంకా ఎవర్నీ లోపలికి పోనివ్వడం లేదు.

ఇప్పుడు చెప్పు, నీ లైసెన్సు ముద్దలు ఏమయ్యాయి? కాపాడింది ఎవరు? కంత! లేకపోతే అగ్నిదోషం మనుషుల్ని మింగేదని సిద్ధాంతి గారన్నారు. నేను ఆయనకి వీడియోలోనే సాష్టాంగపడ్డాను.

ఇన్సూరెన్స్ వాళ్ళు చూసుకుంటారు, దిగులు లేదు. పక్క ఊళ్ళో రెండో హాలు కూడా లీజుకి తీసుకున్నాను. అక్కడా వంటిల్లు ఈశాన్యమే. గోడకి అవతల పాలుతాగే పిల్లల డే కేర్. ఈసారి కంత ఇంకా పెద్దది పెట్టిస్తాను. నువ్వు ఏడవకు.

మీ అన్నయ్య

* * *

నేపర్‌విల్
అక్టోబర్

ప్రియమైన అన్నయ్యకి,

పూజిత క్షేమంగా ఉంది. అందుకు దేవుడికి వంద దణ్ణాలు. అందుకే ఈ ఉత్తరం ఇంత నెమ్మదిగా రాయగలుగుతున్నాను.

కాకి వాలింది, తాటిపండు పడింది. నీ విషయంలో ఆ కాకి కూడా లేదు. నీ కంత మార్చి నుంచీ లేదు.

పూజకి ముందు రోజు నువ్వు పురోహితుణ్ణి తీసుకురావడానికి అట్లాంటా వెళ్ళావు గుర్తుందా? అప్పటికే వదిన బిల్డింగ్ ఓనర్‌తో మాట్లాడి ఉంచింది. నువ్వు అటు వెళ్ళగానే ఆయన పంపిన మనుషులు వచ్చారు. వంటింటి తాళం వదిన తీసింది. నీ పింక్ దూది లాగి చెత్తలో పారేశారు. రెండు వైపులా బోర్డు బిగించి, అంచులన్నీ ఆ ఎర్ర పేస్టుతో మూశారు. నేను పైకెక్కి ప్రతి అంచూ గీరి చూశాను. ఓనర్ నిన్ను ఖాళీ చేయిస్తానన్నాడు. వదిన బతిమాలి ఆపింది.

ఈశాన్యం మూసుకుపోయిన హాల్లోనే ఇన్ని నెలలు ఇన్ని పెళ్ళిళ్ళు చేయించావు. మీ సిద్ధాంతి గారి దివ్యదృష్టికి బోర్డు ఆనలేదు కాబోలు! శనివారం పిల్లలు బయటికి నడిచేదాకా మంటనీ పొగనీ ఆపింది నువ్వు సొట్ట పడుతుందన్న ఆ గోడే. ఆ కంతే ఉండి ఉంటే నువ్వు ఆ ఉత్తరం రాసే స్థితిలో ఉండేవాడివి కాదు, నేను చదివే స్థితిలో ఉండేదాన్ని కాదు.

అన్నయ్యకి ఇంతకాలం ఎందుకు చెప్పలేదని నిన్న వదినని అడిగాను. ఒక్క మాటే అంది. "చెబితే మళ్ళీ తెరుస్తారు."

కొత్త హాలు పక్కన డే కేర్ వదినది కాదు. అక్కడ ఎవరూ మాకు తాళం తీయరు. అందుకని ఈ ఉదయం నీ ఉత్తరం ఇంగ్లీషులోకి మార్చి అక్కడ అగ్నిమాపక తనిఖీలు చేసే ఫైర్ మార్షల్‌కి పంపాను. నీ సాష్టాంగంతో సహా. పంపమన్నది వదినే.

సోమవారం వస్తున్నారట. సీలింగ్ పైకి కూడా ఎక్కి చూస్తారు. నిచ్చెన నువ్వే పట్టుకో.

నీ చెల్లెలు,
త్రివేణి